గుడ్డ మిగిల్చిన కుట్టు



విశాఖ గోపాలపట్నంలో మెయిన్ రోడ్డుకి కాస్త లోపలగా ఒక చిన్న టైలరింగ్ దుకాణం ఉంది. పాతికేళ్లుగా నా జాకెట్లన్నీ అక్కడే. ఒక మిషను, ఒక బల్ల, మేకుకి వేలాడే టేపు, ఆ పక్కనే ఎప్పుడూ మోగుతూ ఉండే రేడియో. ఈ మాటలు ఆ టైలరమ్మ కూడా వింటూ ఉండొచ్చు. వింటే, నా ప్రసంగానికి మూలం తన మాటేనని ఆమెకి ఇట్టే తెలిసిపోతుంది.

జాకెట్టు ఇచ్చేముందు ఆమె దాన్ని తిరగేసి లోపలి కుట్టు చూపిస్తుంది. "లోపల రెండు వేళ్ల వెడల్పు గుడ్డ ఒగ్గీసేనమ్మా. ఒళ్లన్నాక మారకుండా ఉంటాదేటి? గుడ్డుంటే విప్పి మళ్లీ కుట్టొచ్చు. గుడ్డే నేకపోతే నానేటి సేత్తాను?" అంటుంది.

ఒకరోజు నేను వెళ్లేసరికి ఆమె చేతిలో జాకెట్టు లేదు. కోడిగుడ్డు ఆకారంలో చిన్న నూలు సంచి కుడుతోంది. అందులో దూది కూరి, గిన్నెలోంచి చిటికెడు చిటికెడుగా ఆవాలు పోస్తూ, మధ్యమధ్య అరచేతిలో పెట్టి బరువు చూసుకుంటోంది. అదేమిటని అడిగాను. "ఒక అమ్మగారికండి. ఆపరేషన్ సేసి ఒక పక్క తీసీసినారు. ఉత్త దూదెడితే జాకెట్టు ఆ పక్క పైకి లేసిపోతంది. బరువుండాల" అంది. సంచి నా చేతికిచ్చింది. చల్లగా ఉంది. నొక్కితే లోపల ఆవాలు జరిగి, వేలు తీయగానే మళ్లీ సర్దుకున్నాయి. డబ్బు ఎంత తీసుకుంటావని అడిగితే, దీనికి డబ్బేటి అన్నట్టు చూసింది.

ఆ సంచి అరచేతిలో ఉన్నప్పుడు వచ్చిన ఆలోచనే ఇవాళ్టి ప్రసంగం. రొమ్ము మీద చేసే శస్త్రచికిత్సల గురించి. రొమ్ము పరిమాణం పెంచే ఆపరేషను, పోయినదాన్ని తిరిగి కట్టే ఆపరేషను, అసలు పోకుండా కాపాడే ఆపరేషను. మూడూ వేరువేరు అవసరాలు. మూడింటికీ నియమం మాత్రం ఒక్కటే: గుడ్డ ఉంటేనే కుట్టు. నేను డాక్టర్ని కాను, ఆరోగ్యం గురించి చదివి రాసుకునేదాన్ని. మన ఇళ్లలో ఈ మాట గొంతు తగ్గించి మాట్లాడతాం. రేడియోకి గొంతు తగ్గించడం కుదరదు కనక, మామూలు గొంతుతోనే చెప్తాను.

ముందు ఆ గుడ్డ ఏమిటో చూద్దాం. రొమ్ములో పైన చర్మం, దాని కింద కొవ్వు, కొవ్వు మధ్యలో పాలగ్రంథి, అన్నిటికీ వెనక ఛాతీ కండ. ఇవన్నీ విడివిడిగా జారిపోకుండా గ్రంథిలోంచి చర్మం దాకా సన్నని పీచులాంటి కట్లు ఉంటాయి. ఆస్ట్లీ కూపర్ అనే ఇంగ్లండు సర్జన్ 1840లో రొమ్ము నిర్మాణం మీద ఒక గ్రంథం వేశాడు. ఆ కట్లని ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. రొమ్ముని నిలబెట్టేది ఈ పీచుకట్లూ చర్మమూ. రక్తం ఎక్కువగా రొమ్మెముక పక్కనుంచీ, చంక వైపునుంచీ వస్తుంది. చనుమొనకి స్పర్శ ఇచ్చే ముఖ్యమైన నరం నాలుగో పక్కటెముక దగ్గరి దారిలోంచి వస్తుంది. సర్జన్ కత్తి పెట్టే ప్రతి చోటా వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఏది తెగినా మళ్లీ పూర్తిగా మునుపట్లా అతకదు.

ఈ సంగతి వైద్యానికి ఒంటబట్టడానికి దాదాపు నూరేళ్లు పట్టింది.

1895లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో విన్సెంజ్ చెర్నీ అనే సర్జన్ దగ్గరికి ఒక రంగస్థల కళాకారిణి వచ్చింది. ఆమె రొమ్ములో కేన్సర్ కాని ఒక గడ్డ ఉంది. తీసేస్తే అక్కడ గుంట పడుతుంది. ఆమె నడుము దగ్గర ఒక కొవ్వు గడ్డ కూడా ఉందని చెర్నీ గమనించాడు. దాన్ని తీసి గుంటలో పెట్టాడు. సొంత గుడ్డతోనే అతుకు. రొమ్ముని తిరిగి కట్టే ప్రయత్నాల్లో చరిత్రకెక్కిన తొలి ఉదాహరణల్లో అదొకటి. అదే 1895లో మన భీమవరంలో ఒక పిల్లవాడు పుట్టాడు. అతని పేరు తర్వాత చెప్తాను.

చెర్నీ చూపిన దారిలో లోకం నడవలేదు. నాలుగేళ్లకే, 1899లో, వియన్నాలో గెర్సూనీ అనే వైద్యుడు పారఫిన్ మైనాన్ని కరిగించి సూదితో ఒంట్లోకి ఎక్కించే పద్ధతి మొదలుపెట్టాడు. రొమ్ముల్లోకీ ఎక్కించారు. మైనం ఉన్నచోట ఉండలేదు. గడ్డలు కట్టింది, పుళ్లు పడేలా చేసింది, ఇతర భాగాలకి పాకింది. ఆ తర్వాత స్పాంజీలు పెట్టారు. కొన్నాళ్లకి అవి బిగుసుకుపోయాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపానులో ద్రవ సిలికాన్ సూదులు వేశారు. చివరికి 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో క్రోనిన్, జెరో అనే ఇద్దరు ప్లాస్టిక్ సర్జన్లు సిలికాన్ జెల్‌ని సిలికాన్ తొడుగులోనే నింపి, సంచిలా చేసి లోపల పెట్టారు. ఇవాళ ఇంప్లాంట్ అంటున్నది దాని వారసురాలినే.

ఆ సంచిని ఎక్కడ పెట్టాలి, ఎంత పెద్దది పెట్టాలి, ఏ దారిన పెట్టాలి? రొమ్ము పెంచే ఆపరేషనులో నేర్పంతా ఈ మూడు ప్రశ్నల్లోనే ఉంది.

ఎక్కడ అన్నది మొదటిది. గ్రంథి వెనకాల, కండకి ముందు పెట్టొచ్చు. కండ వెనక పెట్టొచ్చు. పై సగాన్ని కండ కింద, కింది సగాన్ని గ్రంథి కింద ఉండేలా కూడా పెట్టొచ్చు. ఈ మూడో పద్ధతిని టెక్సస్ సర్జన్ జాన్ టెబెట్స్ 2001లో వివరించి ప్రచారంలోకి తెచ్చాడు. మూడింటిలో ఏది ఎవరికి నప్పుతుందో తేల్చే పరీక్షకి పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. రొమ్ము పైభాగంలో చర్మాన్నీ కొవ్వునీ రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఆ మందాన్ని కొలుస్తారు. రెండు సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే పైన కప్పడానికి సరిపడా గుడ్డ లేదని అర్థం. అప్పుడు కండని కూడా కప్పుగా వాడతారు. లేకపోతే సంచి అంచు చర్మం కింద ముడతల్లా కనిపిస్తుంది. అయితే కండని వాడుకుంటే దాని ఖరీదు దానికుంది. చేతులు బలంగా కదిపినప్పుడల్లా కండ బిగుసుకుని సంచిని పక్కకి తోస్తుంది. బరువులు మోసే పని చేసేవాళ్లకి ఇది తెలుస్తూనే ఉంటుంది. మా టైలరమ్మ చెప్పిన రెండు వేళ్ల గుడ్డా, సర్జన్ కొలిచే రెండు వేళ్ల మందమూ ఇంత దగ్గరగా వస్తాయని నేను అనుకోలేదు.

ఎంత అన్నది రెండోది. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. ఫొటో చూపించి ఇలా కావాలని అడుగుతారు. ఫొటోలోని మనిషికి ఎంత చర్మం ఉందో, పక్కటెముకల గూడు ఎంత వెడల్పో ఫొటో చెప్పదు. మీటరు గుడ్డ తెచ్చి పంజాబీ డ్రెస్సు కుట్టమంటే మంచి టైలరు కుదరదని చెప్తుంది, కాస్త మొహమాటస్తురాలైతే గుడ్డ లాగి లాగి కుట్టి ఇస్తుంది. రెండో ఉతుకుకి కుట్టు పిగులుతుంది. రొమ్ములోనూ అంతే. అవసరానికి మించిన సంచి పెడితే ఏళ్ల తరబడి దాని ఒత్తిడికి గ్రంథి అణిగిపోతుంది, చర్మం పలచబడుతుంది, బరువుకి జారుతుంది. సంచి తీసేస్తే వెనక మిగిలేది మునుపున్న రొమ్ము కాదు. అందుకే ఇప్పుడు మంచి సర్జన్లు రోగి కోరిన బ్రా కప్పు కొలతతో మొదలుపెట్టరు. రొమ్ము అడుగు వెడల్పు, చర్మం సాగే గుణం, పైన ఉన్న మందం ముందు కొలిచి, ఆ గుడ్డ ఎంతకి ఒప్పుకుంటుందో అంతే పెడతారు.

ఏ దారిన అన్నది మూడోది. కోత రొమ్ము కింది మడతలో పెట్టొచ్చు, చంకలో పెట్టొచ్చు, చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున పెట్టొచ్చు. వలయం అంచున మచ్చ బాగా కలిసిపోతుంది, నిజమే. కానీ ఆ దారి పాలనాళాల్లోంచి పోతుంది. పాలనాళాల్లో మామూలుగానే సూక్ష్మజీవులు ఉంటాయి. అవి సంచి మీద పొరలా పేరుకుంటే శరీరం ఊరుకోదు. లోపల పెట్టిన ఏ పరాయి వస్తువు చుట్టూ అయినా శరీరం పలచని తిత్తి అల్లుతుంది. అది సహజం. సూక్ష్మజీవుల రొద ఉంటే ఆ తిత్తి మందమై, బిగుసుకుని, సంచిని పిడికిలిలా నొక్కేస్తుంది. రొమ్ము గట్టిపడుతుంది, ఆకారం మారుతుంది, నొప్పి పుడుతుంది. ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లని మళ్లీ ఆపరేషను బల్ల ఎక్కించే పెద్ద కారణాల్లో ఇదొకటి. అందుకే చాలామంది సర్జన్లు కింది మడతనే ఎంచుకుంటారు. చనుమొన మీద పట్టీ వేసి మూస్తారు, చేతి తొడుగులు మార్చుకుంటారు. సంచిని వేళ్లతో ముట్టుకోకుండా, గోరింటాకు కోన్ లాంటి గొట్టంలో పెట్టి వెనకనుంచి నొక్కి లోపలికి జారుస్తారు.

ఈమధ్య ఇంకో అడుగు ముందుకేశారు. సంచికి చోటు చెయ్యడానికి కట్లన్నీ కోసుకుంటూ పోకుండా, చిన్న కోతలోంచి బెలూన్ పంపి ఉబ్బించి, పీచుకట్లనీ నరాన్నీ వీలైనంత పక్కకి జరిపి చోటు చేస్తున్నారు. కణజాలాన్ని కాపాడే పద్ధతి అని దీనికి పేరు. ఆలోచన సరైనదే. అయితే కొత్త పద్ధతి విలువ ప్రకటనలో తేలదు. పదిపదిహేనేళ్లు గడిచాక ఆ ఆడవాళ్ల ఒళ్లే చెప్పాలి.

ఇలా ఎందుకు అంటున్నానంటే, ఈ రంగంలో తొందరపాటుకి మూల్యం చెల్లించింది ఆడవాళ్లే. భద్రతకి సరైన రుజువులు లేవని అమెరికా ప్రభుత్వం 1992లో అందం కోసం పెట్టే సిలికాన్ జెల్ ఇంప్లాంట్లని ఆపేసింది. మళ్లీ అనుమతించింది 2006లో. ఫ్రాన్సులో పిప్ అనే కంపెనీ వైద్యానికి వాడే సిలికాన్ బదులు పరిశ్రమల్లో వాడే చవక సిలికాన్ నింపి అమ్మిందని 2010లో బయటపడింది. లోకమంతటా లక్షలమంది ఒంట్లో ఉన్నాయి ఆ సంచులు. దాని యజమానికి 2013లో నాలుగేళ్ల జైలుశిక్ష పడింది. 2019 జూలైలో అలర్గన్ కంపెనీ ఒక రకం గరుకు ఉపరితలం గల ఇంప్లాంట్లని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. సంచి చుట్టూ ఉండే తిత్తిలో పుట్టే అరుదైన లింఫోమా కేన్సర్‌కి ఆ గరుకుతో సంబంధం కనపడింది. అరుదైనదే, తొలిదశలో పట్టుకుంటే సంచినీ తిత్తినీ తీసేసి నయం చెయ్యగలిగేదే. అయినా ఏళ్లు గడిచాక ఒక పక్క హఠాత్తుగా వాచి, నీరు చేరితే నిర్లక్ష్యం చెయ్యకూడదన్నది దాన్నుంచి నేర్చుకున్న పాఠం. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. ఎప్పుడో ఒకప్పుడు మార్చడమో తియ్యడమో తప్పకపోవచ్చు. సిలికాన్ జెల్ సంచి ఉన్నవాళ్లు పెట్టించుకున్న ఐదారేళ్లకి మొదటిసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకొకసారి ఎమ్మారై గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించుకోవాలని అమెరికా వైద్యనియంత్రణ సంస్థ చెప్తోంది. మామోగ్రామ్‌కి, అంటే రొమ్ము ఎక్స్‌రేకి, వెళ్తే ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పాలి. సంచిని వెనక్కి నెట్టి రొమ్ముని మాత్రమే ముందుకి లాగి ఫొటో తీసే పద్ధతి వేరే ఉంది.

పరాయి సంచి వద్దు, సొంత కొవ్వే పెట్టించుకుంటానంటే? పొట్టనుంచో తొడలనుంచో కొవ్వు లాగి రొమ్ములోకి ఎక్కిస్తారు. మన ఊడ్పులు చూసినవాళ్లకి ఇది ఒక్క ముక్కలో చెప్పొచ్చు. వరినారు కట్టకట్టగా ఒకే గుంటలో దూరిస్తే కుళ్లుతుంది. రెండు మూడు మొలకలు విడదీసి, దూరం దూరంగా నాటితే ప్రతిదానికీ నీరూ గాలీ అందుతాయి. కొవ్వు కూడా అంతే. కొత్త చోట రక్తనాళాలు మొలిచేదాకా అది చుట్టుపక్కల కణజాలంనుంచి ఊరే తేమ మీదే బతకాలి. ముద్ద మందమైతే నడిమి భాగం చచ్చి గట్టి గింజల్లా మిగులుతుంది. న్యూయార్క్ సర్జన్ సిడ్నీ కోల్‌మన్ 1990లలో కొవ్వుని సన్నని ధారలుగా, పొరలు పొరలుగా నాటే పద్ధతిని స్థిరపరిచాడు. చచ్చిన కొవ్వు మామోగ్రామ్‌లో కేన్సర్‌ని పోలి భయపెడుతుందని అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం అంతకుముందు 1987లో రొమ్ములో కొవ్వు నాటడాన్నే వద్దంది. 2009లో జాగ్రత్తలు చెప్పి సరేనంది. నాటినదంతా బతకదు, కొంత శరీరం కరిగించేసుకుంటుంది. అందుకే రెండు మూడు విడతలు పడుతుంది. బక్కపలచని మనిషికైతే నాటడానికి నారే ఉండదు.

ఇక మా టైలరమ్మ ఆవాల సంచి దగ్గరికి వస్తాను. ఒక పక్క మొత్తం పోయినవాళ్ల సంగతి.

అమెరికాలో విలియమ్ హాల్‌స్టెడ్ 1882లో మొదలుపెట్టి, 1894లో ఫలితాలు ప్రకటించిన ఆపరేషనులో రొమ్ముతో పాటు దాని వెనక ఛాతీ కండలూ, చంకలోని గ్రంథులూ అన్నీ తీసేసేవారు. ఎంత ఎక్కువ తీస్తే అంత క్షేమం అనుకున్న కాలం. చర్మం కింద పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపించేవి. చెయ్యి వాచి బరువెక్కేది. డెబ్భై ఎనభై ఏళ్లు లోకమంతా అదే పాటించింది.

మిగిలిన గుడ్డ లేనిచోట ఏం చెయ్యాలి? ఇంకో చోటినుంచి తేవాలి. ఆ విద్య మన దేశంలో పాతదే. మామిడికి అంటు కట్టడం చూసే ఉంటారు. తల్లిచెట్టు కొమ్మని తెంచకుండా, చివరని వంచి మొక్కకి కట్టి, అతుకు పడ్డాక అప్పుడు కోస్తారు. అతుకు పడేదాకా తల్లి రసమే దాన్ని బతికిస్తుంది. తెగిన ముక్కుని అతికే విద్య సుశ్రుత సంహితలో ఉంది. టిప్పు సుల్తాన్ సైనికుల చేతిలో ముక్కు పోగొట్టుకున్న కవాస్‌జీ అనే బండివాడికి పూనా వైద్యుడు నుదుటి చర్మాన్ని కాడ తెంచకుండా కిందికి తిప్పి ముక్కు కట్టిన వైనం 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా అచ్చయింది. ఐరోపా ప్లాస్టిక్ సర్జరీ అక్కణ్ణుంచి కళ్లు తెరిచింది. ఇటలీలో తన్సీనీ 1906లో వీపు కండని అలాగే కాడతో ముందుకి తిప్పి ఛాతీ కప్పాడు. అట్లాంటాలో హార్ట్రాంఫ్ 1982లో పొట్ట కింది చర్మాన్నీ కొవ్వునీ పొట్ట కండతో సహా పైకి తెచ్చి రొమ్ము కట్టాడు. బిడ్డలు పుట్టాక సాగిపోయిన పొట్టకి ఒక ప్రయోజనం దొరికిందని ఆడవాళ్లు సంతోషించారు. కానీ కండ పోయిన పొట్ట బలహీనపడింది, కొందరికి గిలక వచ్చినట్టు ఉబ్బింది. దాంతో జపానులో కొషిమా 1989లో, అమెరికాలో రాబర్ట్ అలెన్ 1990లలో కండని అక్కడే ఉంచేసి, దాని మధ్యలోంచి వచ్చే సన్నని రక్తనాళాన్ని మాత్రం ఒలిచి తీసే పద్ధతి తెచ్చారు. రెండు మూడు మిల్లీమీటర్ల నాళాన్ని ఛాతీ దగ్గరి నాళానికి మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు. గంటల తరబడి పట్టే పని. ఎవరి పొట్ట కండ వాళ్ల పొట్టలోనే ఉంటుంది. తీసుకున్నచోట కూడా గుడ్డ మిగిల్చే కుట్టు అది.

అసలు తియ్యకుండానే ఉంటే? ఆ ప్రశ్న వేసినవాళ్లలో ఒకడు ఇటలీలోని మిలాన్‌లో ఉంబెర్తో వెరొనేసీ. 1973నుంచి 1980దాకా చిన్న గడ్డ ఉన్న 701మంది ఆడవాళ్లని రెండు వర్గాలుగా చేశాడు. సగంమందికి హాల్‌స్టెడ్ ఆపరేషను. సగంమందికి రొమ్ములో గడ్డ ఉన్న భాగం మాత్రం తీసి రేడియేషన్. ఇరవయ్యేళ్ల తర్వాత, 2002లో లెక్క చూస్తే, ప్రాణాలు దక్కడంలో ఇరువర్గాలకీ తేడా లేదు. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ చేసిన పరిశోధనా అదే మాట చెప్పింది. ఎక్కువ తియ్యడం ఎక్కువ క్షేమం కాదని తేలిపోయింది.

ఇలా తక్కువ కోతతో సరిపెట్టే ధైర్యం మందుల వల్ల కూడా వచ్చింది. ఇప్పుడా భీమవరం పిల్లవాడి పేరు చెప్తాను. యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన పరిశోధనలోంచే 1940లలో మెథోట్రెక్సేట్ అనే కేన్సర్ మందు పుట్టింది. 1948లోనే ఆయన పోయారు. మిలాన్‌లోనే బొనడొన్నా అనే వైద్యుడు 1976లో రొమ్ము కేన్సర్ ఆపరేషను తర్వాత ఇచ్చే మూడు మందుల చికిత్స ఫలితాలు ప్రకటిస్తే, అందులో ఒకటి మెథోట్రెక్సేటే.

మన తెలుగు రాష్ట్రాల్లో, గడ్డని ముందే పట్టుకుంటే రొమ్ము దక్కుతుందన్న మాట గట్టిగా వినిపించినవాళ్లలో డాక్టర్ పి. రఘురామ్ ఒకరు. ఆయన తల్లి ఉషాలక్ష్మి, తనే డాక్టరు, రొమ్ము కేన్సర్ బారిన పడ్డారు. ఇంగ్లండునుంచి తిరిగి వచ్చిన రఘురామ్ 2007లో తల్లి పేరుతో హైదరాబాద్ కిమ్స్ ఆసుపత్రిలో రొమ్ము వ్యాధుల కేంద్రం పెట్టారు. ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలకి తర్ఫీదు ఇచ్చి, చేత్తో రొమ్ము పరీక్ష చేయించే కార్యక్రమం నడిపారు. గడ్డ రేగికాయంత ఉన్నప్పుడు దొరికితే రొమ్ము దక్కుతుంది. నిమ్మకాయంత అయ్యేదాకా దాస్తే దక్కించడం కష్టమవుతుంది. దాచేది సిగ్గు వల్లే. మన దేశంలో ఆడవాళ్లకి వచ్చే కేన్సర్లలో మొదటిది ఇదే. 2022లో కొత్తగా బయటపడినవి దాదాపు 1 లక్షా 92 వేలని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ అంచనా.

విశాఖలో వెళ్లడానికి చోట్లు లేకపోలేదు. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీ, దాని ఆసుపత్రి కేజీహెచ్ ఉన్నాయి. అక్కడ ప్లాస్టిక్ సర్జరీ విభాగమూ ఉంది. గోపాలపట్నంనుంచి ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు మీదుగా గాజువాక, కూర్మన్నపాలెం దాటితే అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం కేన్సర్ చికిత్సకి వర్తిస్తుంది. ఇంకో సంగతి. అందం కోసం చేయించుకునే సర్జరీ మీద జీఎస్టీ పడుతుంది. పుట్టుకతో వచ్చిన లోపాన్నో, ఎదుగుదలలో వచ్చిన లోపాన్నో, గాయంతో చెడినదాన్నో సరిచేసే సర్జరీకి పన్ను మినహాయింపు ఉంది. ఆ తేడాని చట్టమే గుర్తించింది.

రొమ్ము పెద్దది చేయించుకోవాలనుకునే ఆడపిల్లని నేను తప్పు పట్టను. పుట్టుకతోనే ఒక పక్క ఎదగని పిల్లలుంటారు. నలుగురిలో వంగి నడిచే పిల్లలుంటారు. ఎవరి ఒళ్లు వాళ్లది. కానీ బల్ల ఎక్కేముందు నాలుగు మాటలు అడగమంటాను. మీరు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. గానీ డి.ఎన్.బి. గానీ చేశారా? నా చర్మం, కొవ్వు మందం కొలిచారా, ఎంత వచ్చింది? ఏ కంపెనీ సంచి పెడుతున్నారు, దాని నంబరున్న కార్డు నాకిస్తారా? రేపు పిల్లలకి పాలివ్వగలనా, స్పర్శ ఉంటుందా? ఈ నాలుగు ప్రశ్నలకి విసుక్కునే డాక్టరు దగ్గరినుంచి లేచి వచ్చెయ్యండి. నీకింత పెద్దది నప్పదమ్మా అని చెప్పే డాక్టరు దొరికితే, ఆ డాక్టరునే పట్టుకోండి.

గడ్డ తగిలినవాళ్లు అడగాల్సింది ఒక్కటే: నాకేం మిగులుస్తారు? రొమ్ము నిలపడానికి వీలుందా, లేకపోతే తర్వాత కట్టడానికి వీలుగా చర్మం ఉంచుతారా? ఈ మాట ఆపరేషనుకి ముందే అడగాలి. తర్వాత అడిగితే మా టైలరమ్మ అన్నట్టు, గుడ్డే లేకపోతే ఎవరైనా ఏం చెయ్యగలరు?

వచ్చే ఆదివారం స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో రెండు పక్కలా, చంకల దాకా ఒకసారి తడిమి చూసుకోండి. కొత్తగా ఏదైనా గట్టిగా తగిలితే, సోమవారం ఓపీ టికెట్టు తీయించుకోండి. మీ అమ్మకీ, అత్తగారికీ, పనమ్మాయికీ కూడా చెప్పండి. ఆ ఆవాల సంచి అవసరమయ్యేవాళ్లు మన పేటలో తగ్గాలి.